సొరబుర్రలోని కొర్రలు అంతరిక్షానికి

ముందే చెప్పేస్తున్నాను

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, మీరెప్పుడైనా పైకి వెళ్లారా?" వెళ్లలేదు నాయనా. నేను వెళ్లిన ఎత్తల్లా మా ఆఫీసు నాలుగో అంతస్తు, అదీ లిఫ్టు పనిచేసిన రోజున. పైకి వెళ్లినవి నేను తయారుచేసిన డబ్బాలు.

భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో దేనికీ బరువు తెలియదు. అలాంటి చోట విత్తనం ఎలా మొలుస్తుంది, వేరు ఎటు పోతుంది, నాచు ఎలా పెరుగుతుంది అని చూసే ప్రయోగాలకు డబ్బాలు, పనిముట్లు, సూచనల కాగితాలు సిద్ధం చేయడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్లకు పైగా అదే చేశాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి రాలేదు, ఆ గొడవ మీకెందుకు? నాకు బుద్ధి చెప్పిన రెండు మూడు తప్పుల గురించి మాత్రం దాచకుండా రాస్తాను. అందులో ఒకటి నా పరువు తీయబోయి, చివరికి నన్ను నెత్తిన పెట్టుకుంది.

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. అమ్మా నాయనా కూలికి వెళ్లేవాళ్లు. సొంతానికి రెండెకరాల మెట్ట ఉండేది. చర్చి పక్కన ఉన్న బడిలో అక్షరాలు నేర్చుకుని, గిద్దలూరులో ఇంటరు, మార్కాపురంలో డిగ్రీ చదివాను. ఇప్పుడా పొలం మా అన్న చేస్తున్నాడు. చేస్తున్నాడని ఊరికే అంటాను గానీ, చేయించేది మా వదిన రాహేలమ్మ.

ఏది పైన?

నేను మొట్టమొదట రాసిన సూచనల కాగితంలో "డబ్బాను నిటారుగా పెట్టి మూత తీయాలి" అని ఉండేది. మా గ్రూపు అధిపతిని అందరం పెద్దసారు అనేవాళ్లం. కోస్తా మనిషి. నా యాస విన్నప్పుడల్లా ముసిముసిగా నవ్వుకునేవారు. ఆ కాగితం చదివి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టారు.

"నిటారుగా అంటే ఎటమ్మా సుగుణా? అక్కడ పైనేది, కిందేది?"

ఆ సాయంత్రం కాగితం మొత్తం మళ్లీ రాశాను. 'కింద' తీసేశాను, 'పైకి' తీసేశాను, 'పక్కన పెట్టి' కూడా తీసేశాను. అక్కడ పక్కన పెట్టింది పెట్టినచోట ఉండదు, తేలుకుంటూ పోతుంది. అన్నీ తీసేశాక మూడు పేజీల కాగితం ఒక పేజీకి వచ్చింది.

అంతటితో వదిలారా ఆయన? నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల కింది కడ్డీకి కాళ్లు తగిలించుకోమన్నారు. కుడిచేత్తో బల్ల అంచు పట్టుకుని, ఎడమచేత్తోనే డబ్బా తెరిచి, సిరంజితో నీళ్లెక్కించి, మళ్లీ మూత పెట్టాలి. ఒకసారి కాదు, ఇరవై సార్లు.

"ఏంది సార్ ఈ కోతిపని?" అనేశాను విసుగొచ్చి.

"పైన ఉండేవాళ్లు చేసేది ఇదే. నీకు ఇక్కడ కోతిపని అయితే వాళ్లకు అక్కడ నరకం. మూత మార్చు," అన్నారు.

మార్చాను. ఏడు రకాల మూతలు మార్చాను. మీరు రాసింది చదివే మనిషి చాలా తెలివైనవాడే, కానీ బాగా అలసిపోయి ఉంటాడు. అలసిపోయినవాడి చేతులకు పని తేలికయ్యేలా డబ్బా చేయండి. ఈ ఉద్యోగంలో సగం అదే.

జాలిపడి చంపేశాను

రెండో తప్పు మా ప్రాంతం వాళ్లే చేయగలిగింది. మనుషులు లేకుండా వెళ్లివచ్చే చిన్న ప్రయోగం ఒకటి మా చేతికి వచ్చింది. అలసంద గింజలు, వాటికి తనంతట తానే నీళ్లు పట్టే చిన్న పంపు. ఎన్ని చుక్కలు పట్టాలో లెక్క కట్టాం. నాకు ఆ లెక్క మరీ పీనాసిగా అనిపించింది. పాపం, అంత దూరం పోతున్నాయి, మళ్లీ పట్టేవాళ్లు ఎవరూ లేరు అని, కొంచెం పెంచాను.

గింజలన్నీ కుళ్లి తిరిగి వచ్చాయి. బరువు లేని చోట నీరు కిందికి దిగిపోదు. గింజను పట్టుకుని చుట్టూ పొరలా నిలబడిపోతుంది, గింజకు గాలి ఆడదు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, చేతికి పని వచ్చేసరికి మరిచిపోయాను. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి ఎండలో నిలబడిన ఊరు మాది. నీళ్లు చాలక ఎండిన పైరును చూస్తూ పెరిగినదాన్ని. నీళ్లు ఎక్కువై చస్తాయనే భయం నా ఒంట్లోనే లేదు. ఆ తర్వాత నుంచి నీటిని గుడ్డ ఒత్తితో అందించాను. గింజ ఎంత పీల్చుకుంటే అంతే.

మీరు పెరిగిన తీరు మీ లెక్కల్లోకి చడీచప్పుడు లేకుండా దూరుతుంది. ఆ సంగతి అప్పుడే పూర్తిగా నేర్చుకున్నానని అనుకున్నాను. ఏం నేర్చుకున్నాను, నా మొహం!

మా కొర్రలు

ఉద్యోగం ఇంకా ఏడాది ఉందనగా అసలు ప్రయోగం వచ్చింది. మనుషులున్న అంతరిక్ష కేంద్రంలో, మా సొంత డబ్బాలు, మేం ఎంచుకున్న పంట. తక్కువ నీటితో త్వరగా ఎదిగేది కావాలన్నారు పెద్దసారు. నేను చెయ్యెత్తి కొర్ర అన్నాను. మా అన్న కళ్లం మీద నుంచే ఒక సంచి పంపాడు. దాన్ని మా చల్లగదిలో భద్రం చేశాం.

నాలుగు డబ్బాలు పైకి వెళతాయి. అలాంటివే నాలుగు కింద మా ల్యాబులో ఉంటాయి. పైనా కిందా ఒకే గింజ, ఒకే నీరు, ఒకే వెలుతురు. తేడా వస్తే అది బరువు లేకపోవడం వల్లే అని తేల్చాలి. ఈ ప్రయోగం మీద కావ్య అనే హైదరాబాదు అమ్మాయి నాలుగేళ్ల చదువు ఆధారపడి ఉంది. ఫలితం బాగుంటే పెద్దసారు రెండో ప్రయోగం అడుగుతారు. బాగుండకపోతే కొర్ర కథ అక్కడితో ముగుస్తుంది.

డబ్బాలు రాకెట్లు ఎగిరే ప్రయోగ కేంద్రానికి చేరాక మా రాకెట్టు వాయిదా పడింది, మళ్లీ పడింది. ఆ సందులో నేను నాలుగు రోజులు ఊరికి పోయాను. తిరిగి బయలుదేరుతుంటే వదిన అటక కింద వేలాడుతున్న సొరబుర్రల్లోంచి చిన్నది ఒకటి దించింది. మా ఇళ్లలో విత్తనం అందులోనే దాస్తాం. ఎండిన సొరకాయ లోపల గుల్ల చేసి, గింజలు నింపి, మూతికి గుడ్డ కట్టి పొయ్యికి పైన వేలాడదీస్తాం.

"ఇంద సుగుణా, మీ ఆఫీసు దొడ్లో చల్లుకో. ఉత్త గడ్డి పెంచుతున్నారంట గదా ఆడ!" అంది.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి నేరుగా ప్రయోగ కేంద్రానికి పోయాను. పోయేసరికి గోల. మూడో డబ్బా, నాలుగో డబ్బా లోపలికి చెమ్మ చేరింది. గింజలు మార్చాలి, మధ్యాహ్నం లోగా డబ్బాలు అప్పగించాలి. మా చల్లగది బెంగళూరులో ఉంది. నా సంచిలో మాత్రం సొరబుర్ర ఉంది.

పెద్దసారుకు ఫోన్ చేశాను. "అదే పొలం, అదే పంట, అదే ఏడు సార్. మా అన్న పంపిన సంచిలోవీ ఇవీ ఒకే రాశిలోవి," అన్నాను.

"ఖాయమేనా?"

"ఖాయం సార్."

అబద్ధం చెప్పలేదు. మొదటి గింజల్లాగే వీటినీ కడిగి, ఆరబెట్టి, మూడు నాలుగు డబ్బాల్లో నింపి, ఏ రాశి గింజలో చెప్పే లాట్ నంబరు పాతదే రాసి అప్పగించాను.

రెండో రోజే

పైన ఉన్నవాళ్లు మూడు, నాలుగు డబ్బాలకు ముందు నీళ్లెక్కించారు. అవి కెమెరాకు ఎదురుగా ఉన్నాయి. ఒకటి, రెండు డబ్బాల వంతు వచ్చే వారం. అదే గంటలో మేమూ కింద మూడు, నాలుగు తడిపాం. రెండో రోజే పై నుంచి ఫొటో వచ్చింది. గింజలు పగిలి తెల్లగా మొలక బయటికి వచ్చింది! కింద మా డబ్బాల్లో ఉలుకూ పలుకూ లేదు. నాలుగో రోజుకు గానీ అవి కదలలేదు.

ల్యాబంతా ఒకటే గోల. అంతరిక్షంలో కొర్ర భూమి మీదకన్నా త్వరగా మొలుస్తుంది! కావ్య నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. పెద్దసారు ఇడ్లీ సాంబారు తెప్పించారు, ఆయన అంతకుమించి ఎవరికీ ఏమీ తినిపించగా నేను చూడలేదు. సోమవారం పై అధికారుల ముందు ఫలితం చెప్పాలి. నా రిటైర్మెంటుకు ఇరవై రోజులుంది. ఇలా ముగియడం కన్నా ఏం కావాలి అనుకున్నాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, గొప్పలు పోదామని వదినకు ఫోన్ చేశాను.

"వదినా, నీ కొర్రలు ఆకాశంలో రెండో దినానికే మూతి పెట్టినాయి తెలుసునా!"

"అయితే ఏంది? ఇంటికాడ ఎప్పుడూ అంతే గదా."

"కాదు వదినా, ఈడ మా ల్యాబులో నాలుగు దినాలు పట్టింది."

"మీ ల్యాబులోవి ఏ గింజలు? మీ అన్న సంచిలో పంపినాడే, అవా? అవి అట్లనే మొద్దుగా ఉంటాయి. పొయ్యి మీద పొగ తగల్లా గదా వాటికి. పొగ తిన్న గింజ నీళ్లు చూడంగానే లేస్తాది. మీ అమ్మ చెప్పలేదా నీకు?"

ఫోన్ పట్టుకుని మంచం మీద కూలబడ్డాను. ఒకే పొలం, ఒకే పంట, నిజమే. కానీ సంచిలోవి పొగ ఎరగవు. బుర్రలోవి నెలల తరబడి పొగలో ఉన్నాయి. పైకి పోయినవి బుర్రలోవి, కింద ఉన్నవి సంచిలోవి. గెలిచింది అంతరిక్షం కాదు, మా వదిన పొయ్యి.

ఇంకొకరైతే ఆ బుర్రను ముట్టుకోగానే పొగ వాసన పట్టేవాళ్లు. నేను ఆ పొగలో పుట్టినదాన్ని. అది నాకు వాసనే కాదు, ఇంటి గాలి. దాన్ని రాయాల్సిన సంగతిగా నేనెప్పుడూ చూడలేదు.

పొగ వాసన

సోమవారం మీటింగు పదకొండింటికి. దాచేద్దామా అనే ఆలోచన రాలేదంటే అబద్ధం. కాగితాల్లో లాట్ నంబరు ఒకటే. తెలిసినవాళ్లు ఇద్దరం, నేనూ మా వదినా. ఆమె వచ్చి మీటింగులో చెప్పబోతుందా? ఇరవై రోజులు నోరు మూసుకుంటే దండ వేసి, శాలువా కప్పి పంపుతారు. కానీ కావ్య గురించి ఆలోచించాను. ఆ పిల్ల ఈ ఫలితం మీద తన బతుకు కట్టుకుంటుంది. ఎక్కడో ఎవరో ఇదే ప్రయోగం చేసి, రాలేదని చెప్పిన రోజున తల దించుకునేది ఆ పిల్ల. నేనప్పటికి మా ఊళ్లో హాయిగా పడుకుని ఉంటాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

తొమ్మిదింటికే పెద్దసారు గదికి పోయి, బల్ల మీద సొరబుర్ర పెట్టాను. ఆయన గుడ్డ విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇదేమిటమ్మా, పొగ కంపు?"

అంతా చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"ఖాయమేనా అని అడిగాను కదా నిన్ను!"

"అడిగినారు సార్. నాదే తప్పు."

"ఇంకా ఎవరికి తెలుసు?"

"మా వదినకు తెలుసు సార్."

ఆయన నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశారు. నిజాయితీగా చెప్పాలంటే తిట్టింది ఎక్కువ. ముప్పై ఏళ్ల అనుభవం తీసుకెళ్లి పొయ్యిలో పెట్టావన్నారు. పడ్డాను. తర్వాత కావ్యను పిలిపించారు.

కావ్య అంతా వింది. "లాట్ నంబర్ ఒకటే వేశారు కదా మేడమ్. నేను నమ్మాను," అంది. ఆ మాట పెద్దసారు తిట్లన్నిటికన్నా గట్టిగా తగిలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి నాకు. తుడుచుకుని, "తప్పయింది తల్లీ," అన్నాను.

ఆ పిల్ల కిటికీ దగ్గరికి పోయింది. అంతలోనే గిరుక్కున తిరిగింది.

"సార్, పైన ఒకటీ రెండూ డబ్బాల్లో ఏ గింజలున్నాయి?"

"సంచిలోవి," అన్నాను నేను.

"వాటిని ఇంకా తడపలేదు కదా!"

పరుగున పోయి బోర్డు మీద నాలుగు గళ్లు గీసింది. పైన పొగ తగిలింది, పైన తగలనిది. కింద పొగ తగిలింది, కింద తగలనిది. "పైన రెండూ మన దగ్గరున్నాయి. కింద తగలనిది ఉంది. కింద పొగ తగిలింది ఒక్కటే లేదు. ఆ బుర్రలో గింజలు మిగిలాయా మేడమ్?"

సగం బుర్ర మిగిలింది. దొడ్లో చల్లుకోమని ఇచ్చినవి, చల్లడానికి నాకు తీరిక దొరకలేదు. నా బద్ధకానికి నేను దణ్ణం పెట్టుకున్నది ఆ ఒక్కరోజే.

నాలుగు గళ్లు

పెద్దసారు మీటింగు వారం వెనక్కి జరిపించారు. ఎందుకని పై అధికారులు అడిగితే, "మా సుగుణమ్మ వదినగారిని సంప్రదించాలి," అన్నారట. పైన ఉన్నవాళ్లకు కబురు పంపాం. వాళ్లు ఒకటి, రెండు డబ్బాలు తడిపారు. అదే గంటలో కింద మేం మా ఒకటి, రెండు డబ్బాలతోపాటు బుర్రలోని గింజలు నింపిన కొత్త డబ్బాలు రెండు తడిపాం.

రెండో రోజు పొద్దున్నే ల్యాబుకు పోయాను. కింద, బుర్రలోని గింజలు మూతి పెట్టాయి. పైన ఎలా మొలిచాయో అచ్చం అలాగే. సంచిలోవి పైనా కిందా కదలలేదు. నాలుగో రోజు పదకొండింటికి పై నుంచి ఫొటో వచ్చింది. ఒకటి, రెండు డబ్బాల్లో మొలకలు. మా ల్యాబులోవీ అదే పూట మొలిచాయి.

కావ్య నాలుగు గళ్లూ నింపింది. పైనైనా కిందైనా, పొగ తిన్న గింజ రెండో రోజే లేచింది, తిననిది నాలుగో రోజుకు లేచింది. బరువు లేదని కొర్ర జంకలేదు. పైన వేర్లు మాత్రం ఎటు పోవాలో తెలియక నాలుగు దిక్కులా పోయాయి. ఆకు తిన్నగా వెలుతురు వైపే తిరిగింది. అంతకుముందు మేం గొప్పగా చెప్పబోయిన సంగతి అబద్ధం. ఇప్పుడు మా చేతిలో ఉన్నది దానికన్నా పెద్ద నిజం. మొద్దుగింజను మేలుకొలిపే మందు మా పొయ్యి మీద ఉంది, అది అంతరిక్షంలోనూ పనిచేస్తుంది.

మీటింగులో పెద్దసారు మొదటి స్లైడు మీదే 'మేం చేసిన తప్పు' అని వేశారు. నా పేరు ఎక్కడా రాయలేదు, 'మేం' అనే రాశారు. ఆ అధికారులందరిలోకి పెద్దావిడ ఒకామె చివరిదాకా విని, "రెండో ప్రయోగానికి ఎప్పుడు సిద్ధమవుతారు?" అని అడిగింది. కావ్య బల్ల కింద నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు పగిలింది. పగిలితే పగిలింది, నాకు ఎగిరి గంతేయాలనిపించింది. శాలువా కూడా కప్పారు లెండి. అది ఇప్పుడు మా వదిన కప్పుకుంటోంది.

బాసుల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. తప్పు చెప్పినప్పుడు తిట్టని బాసు కోసం వెతక్కండి, దొరకడు. తిట్టాక కూర్చోబెట్టి 'ఇప్పుడేం చేద్దాం' అని అడిగేవాడు దొరికితే వదలకండి. ఇంకొకటి, మీ కింద పనిచేసే పిల్లకు మీ తప్పు ముందు చెప్పండి. దాన్ని బాగుచేసే తెలివి మీకన్నా ఆమెకే ఉండవచ్చు.

రాసుకో

నేను రిటైరై ఊళ్లో ఉండగా, రెండో ప్రయోగానికి గింజల కోసం కావ్య స్వయంగా వచ్చింది. అచ్చైన పరిశోధన పత్రం కూడా తెచ్చింది. అందులో విత్తనం ఎక్కడిది, ఎలా దాచారు అనే చోట మా వదిన పేరు ఉంది. నేను చదివి తెలుగులో చెప్పాను.

"పొగ అని రాసినారా?" అంది వదిన.

"రాసినారు వదినా."

"ఆ పొగకు నా కండ్లల్లో నీళ్లు కారినాయని రాయలేదే మరి?"

కావ్య పకపకా నవ్వి పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. నోట్‌బుక్కు తెరిచి ఒకటే ప్రశ్నలు. ఏ కట్టె? తుమ్మ. వేప వాడరా? వాడం, పొగ చేదుగా ఉంటాది. బుర్ర ఎంత ఎత్తున? మనిషి చెయ్యెత్తితే అందేంత. ఎన్ని నెలలు? కోత అయినకాడ నుంచి మొదటి వాన దాకా. రోజుకు ఎన్నిసార్లు పొయ్యి వెలిగిస్తారు? ఇంట్లో గ్యాసు ఉందిగా? గ్యాసు మాకు, పొయ్యి విత్తనాలకు. కావ్య దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, ఒక్క మాట పోనివ్వకుండా రాసింది.

డబ్బాలతోపాటు అదనంగా పైకి పోయి, నీళ్లు తగలకుండానే తిరిగి వచ్చిన చిన్న పొట్లం ఒకటి ఆమె తెచ్చింది. అందులో చిటికెడు కొర్రలున్నాయి. ఎక్కడ దాచుదాం, అద్దాల బీరువాలోనా అని నేను ఆలోచిస్తుంటే, వదిన లాక్కుని బుర్రలో పోసేసింది.

"పైకి పోయొచ్చినాయని వీటికి మర్యాదలేంది? అన్నిటితోపాటు పొగలో ఉండనీ," అంది.

తర్వాత నా వైపు తిరిగింది.

"అంత చదువు చదివినావు, అంత పెద్ద ఆఫీసులో చేసినావు. ఈ పిల్ల ఒక్క పూటలో అడిగిందే, ఇవన్నీ నువ్వు ఎప్పుడన్నా అడిగినావా నన్ను?"

"అడగలేదు వదినా."

"ఇంకా చానా ఉన్నాయి. కందులకు ఒక తీరు, అలసందలకు ఒక తీరు. కూర్చో, రాసుకో."

కావ్య పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. నా దగ్గర కాగితం లేదు. ఆ పిల్ల తన నోట్‌బుక్కులోంచి నాలుగు కాగితాలు చింపి ఇచ్చింది.